నాలుగో గంట నెత్తురు

జూన్ 11

అన్నయ్యకు,

మూడు రోజులుగా ముసురు వదలలేదు. మా ప్రయోగశాలలో జంతువుల గది గోడలు చెమ్మ పట్టాయి. ఉతికిన కోట్లు ఆరక తడివే వేసుకుంటున్నాం. ఇవాళ ఆరు కుందేళ్ళకు మందు పోశాం. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా ఒక్కోదాని చెవి నరం నుంచి పదకొండుసార్లు రక్తం తీశాం. నేను కుందేలును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటాను. నా పక్కన పనిచేసేవాడు టైము చెబుతాడు. రోజంతా అతని నోట వేరే మాట రాదు కాబట్టి అందరూ గడియారం అంటారు. మధ్యాహ్నం అన్నం తినబోతుంటే కూడా ‘ఇంకో నాలుగు నిమిషాలు’ అన్నాడు. డబ్బా మూత పెట్టేసి లేచాను.

పోయినేడు నువ్వు గోనెసంచిలో కట్టి పంపిన చేదువేరు మీదే ఈ పనంతా. మావైపు కీళ్ళ నొప్పులకు దీన్ని కాచి తాగుతారని పెద్దసారు ముందు నోరు జారింది నేనే. ఇక్కడ దాన్ని ఉడికించి, వడగట్టి, ఇంకేవేవో చేసి చివరికి చిటికెడు పసుప్పచ్చ పొడి తీశారు. ఆ పొడి కడుపులోకి పోతే రక్తంలోకి ఎంత ఎక్కుతుంది, ఒంట్లో ఎక్కడెక్కడికి చేరుతుంది, ఎప్పటికి పోతుంది అనేదే లెక్క. మందు పనిచేస్తుందా లేదా అన్నది మా గది పని కాదు.

ఒక విచిత్రం చెబుతాను. పోసిన గంటకు మందు రక్తంలోకి ఎక్కుతుంది. నాలుగో గంటకు దాదాపు దిగిపోతుంది. అక్కడితో అయిపోవాలి. కానీ ఎనిమిదో గంట దాటాక మళ్ళీ ఎక్కుతోంది. కాగితం మీద గీస్తే రెండు మూపురాలు. ఒళ్ళే మందును దాచుకుని మెల్లగా వదులుతోందని పెద్దసారు అంటున్నాడు. అదే నిజమైతే మనుషులకు రోజుకు ఒక్కసారి చాలునట. ఆయన నడకే మారిపోయింది.

వదిన వేళ్ళు ఎలా ఉన్నాయి? నాన్న చెప్పినట్టు మూడు రోజులు తాగి నాలుగు రోజులు ఆపుతోందా? నీ కళ్ళజోడు బాగుచేయించావా?

కూర్చునే కునికిపాట్లు పడుతున్నాను. పడుకుంటాను.

చెల్లి


జూన్ 19

చెల్లెమ్మకు,

ఇక్కడా వానే. మేకల గిట్టల సందుల్లో చెమ్మకు పుళ్ళు లేచాయి. నిన్నా ఇవాళా ఇరవై రెండింటికి గిట్టలు కోసి మందు రాశాను. నడుము వంగితే లేవనంటోంది. ముసలి పోతు తన్నిన చోట మోకాలు కమిలింది.

కళ్ళజోడు బాగుపడలేదు, కొత్తది చేయించలేదు. రాయడానికి ఇబ్బంది లేదు, ఇదిగో ఒక్కో అక్షరం కందిగింజంత రాస్తున్నాను. నీ అక్షరాలు మాత్రం చీమల బారు. నాకు ఆనవు. మీ వదినే చదివి వినిపిస్తోంది. నువ్వు కుందేలును ఒళ్ళో పెట్టుకునే దగ్గర ఆగి, ‘వాటికైనా కూర్చోబెట్టుకునే మనిషి దొరికింది’ అంది. అది నా మీద వేసిందే.

ఆమె వేళ్ళు అలాగే ఉన్నాయి. పొద్దున పూట పిడికిలి మూసుకోదు. గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర చెవిలో బొటనవేలు దూరడం లేదు. రెండు నెలలుగా కొత్త కుట్టు ఏదీ ఒప్పుకోలేదు. చిరుగులు, బొత్తాలు మాత్రం చూస్తోంది. చేదువేరు నాన్న పద్ధతిలోనే. మూడు రోజులు పొద్దున ఒక గ్లాసు, నాలుగు రోజులు విరామం. ఆ విరామం ఎందుకని అడిగితే నాన్న ఏమనేవాడో గుర్తుందా? ‘గిన్నె తోముకోవద్దూ’ అనేవాడు. అంతకుమించి చెప్పింది లేదు.

ఇక మీ విచిత్రం సంగతి. మీ పెద్దసారు కుందేలును ఎప్పుడైనా పెంచాడా? ఆ కుందేళ్ళ మెడకు పట్టీ ఉందా లేదా? నీకు ఏడెనిమిదేళ్ళప్పుడు నీ బూడిదరంగు కుందేలుకు పొట్ట మీద పుండు లేచింది. నాకకుండా ఉండాలని నాన్న అట్ట గుండ్రంగా కత్తిరించి దాని మెడకు తొడిగాడు. పుండు మానింది గానీ కుందేలు చిక్కి సగమైంది. మేత వేసింది వేసినట్టే తింటోంది, ఎందుకు చిక్కుతోందా అని నువ్వు ఏడ్చావు. అప్పుడు నాన్న చెప్పాడు. కుందేలు గట్టి పెంటికలు కాక, చిన్న గుత్తుల్లా మెత్తటివి కూడా వేస్తుంది. వాటిని తన నోటితో తనే అందుకుని మింగుతుంది. అది దాని రెండో మేత. పట్టీ ఉంటే నోరు అందదు. మీ వాళ్ళు బోను అడుగున తీగ వల వేసి అంతా కింద పడిపోతుందనుకుంటున్నారేమో. అది కింద పడితే కదా!

మీరు పోసిన మందులో సగం పేగుల్లోనే ఉండిపోయి, పెంటతో బయటికొచ్చి, మళ్ళీ నోట్లోకి పోతోంది. మీ రెండో మూపురం అదే. చదువుకున్నవాళ్ళు, చూసుకోండి.

మేకలు అరుస్తున్నాయి. లేస్తున్నాను.

అన్నయ్య


జూలై 2

అన్నయ్యకు,

ఎండ రెండు రోజులు కాసి మళ్ళీ మబ్బు పట్టింది. ఈ పదిరోజులూ ఒళ్ళు హూనమైంది. ఉత్తరం ఆలస్యమైనందుకు తిట్టుకోకు.

నీ మాట పెద్దసారుకు చెప్పాను. నీ పేరు ఎత్తకుండా, ‘మా ఇంట్లో కుందేళ్ళు పెంచేవాళ్ళం, ఇలా అనుకునేవాళ్ళం’ అని మొదలుపెట్టాను. సగంలోనే, ‘తీగ వల మీద ఉంటున్నాయమ్మా అవి’ అన్నాడు. సరిగ్గా నువ్వు అన్నట్టే. నేను తిరిగి వచ్చేశాను. మూడోరోజు ఆయనే పిలిచి, ‘ఆ పట్టీ ఎంత వెడల్పు ఉండాలి?’ అని అడిగాడు. రాత్రి పుస్తకాలు తిరగేసినట్టున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

అట్ట కత్తిరించి ఆరు పట్టీలు చేశాను. నా బూడిద కుందేలు నాకే గుర్తు రాలేదు, చూశావా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది నేను, గుర్తు పెట్టుకుంది నువ్వు.

అవే కుందేళ్ళకు పట్టీలు తొడిగి మళ్ళీ మందు పోశాం. రెండో మూపురం లేదు. మొదటి గంటకు ఎక్కింది, నాలుగో గంటకు రక్తంలో ఏమీ మిగల్లేదు. ఎనిమిది, పది, పన్నెండు, ఏ గంటకు తీసినా సున్నా. గడియారం మొదటిసారి టైము కాని మాట అన్నాడు. ‘పోయింది’ అన్నాడు.

పెద్దసారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. రోజుకు ఒక్కసారి చాలని పైవాళ్ళకు రాసి పంపిన కాగితాలు ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. నన్ను తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. అప్పట్నుంచి నాతో చెప్పాల్సింది గడియారంతో చెప్పిస్తున్నాడు. నిన్న అతను వచ్చి, ‘పంజరాలు కడగమన్నారు, నన్నేమీ అడక్కండి’ అని పారిపోయాడు. కడిగాను. పద్దెనిమిది పంజరాలు.

వచ్చేవారం పెద్దపని. కొన్నిటిని చంపి, లోపలి భాగాలు తూచి, దేంట్లో ఎంత మందు ఉందో చూడాలి. ఆ పని నాకు పడదు. అయినా తప్పదు.

ఒకటి గుర్తుంచుకో. రక్తం సంగతి ఒక్కటే తేలింది. మిగతాది తేలేదాకా వదిన మందు ఎప్పటిలాగే ఉండనీ. ఏమీ మార్చకు.

చెల్లి


జూలై 10

చెల్లెమ్మకు,

వాగు నిండుగా పారుతోంది. మేకల్ని అవతలి గట్టుకు తోలడానికి లేదు. ఇంటి వెనకే కొమ్మలు కొట్టి వేస్తున్నాను. దానికితోడు రోజూ చేదువేరు తవ్వడం. తడినేలలో గునపం దిగుతోంది గానీ వేరు తెగకుండా రావడం కష్టం. అరచేతులు పగిలాయి.

నీ ఉత్తరం విన్న రోజున నాకు అన్నం సహించలేదు, సంతోషంతో. మేకల కాపరి చెప్పింది నిజమైంది! మీ పెద్దసారు ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. సంతలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. ఒకడు ‘పెంట సంగతి చెప్పి పెద్దవాడివయ్యావన్నమాట’ అన్నాడు. అన్నా సరే.

ఇంతకాలం మనం చేస్తున్న తప్పు కూడా అప్పుడే తెలిసింది. నాలుగు గంటలకే నెత్తురులో ఏమీ ఉండకపోతే, పొద్దున ఒక్క గ్లాసు తాగి మళ్ళీ మర్నాటిదాకా ఊరుకుంటే ఏం లాభం? అందులోనూ నాలుగు రోజులు ఉత్త విరామం! ఇరవై ఏళ్ళు తాగినా నాన్నకు మోకాళ్ళు ఎందుకు కుదురుకోలేదో ఇప్పుడు అర్థమైంది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. నాలుగు గ్లాసులు, విరామం లేదు. నేనే కాచి, వడగట్టి, చల్లార్చి ఇస్తున్నాను. మేకల దగ్గర ఉన్నా వేళకు వచ్చేస్తున్నాను. నేను కూడా గడియారాన్నయ్యాను.

మీ వదిన మొదట మూతి ముడుచుకుంది. ‘మీ చెల్లెలు వద్దందిగా’ అని ఏదో అంది. నాలుగు గంటల సంగతి రాసింది మా చెల్లెలే కదా అన్నాను. ఇప్పుడు మాట్లాడకుండా తాగుతోంది. ఫలితం కూడా కనిపిస్తోంది. మొన్న కత్తెర చెవిలో బొటనవేలు దూరింది! పట్టుకుని రెండు బారల గుడ్డ కత్తిరించింది. చేతి ఉంగరం కూడా వదులైంది. నూనె వాసన పడడం లేదంటోంది, అన్నం తక్కువ తింటోంది. చేదు నోటికి అంతేలే అన్నాను.

గునపం సాన పెట్టించాలి.

అన్నయ్య


జూలై 12

అన్నయ్యకు,

నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు. వానల వల్ల తపాలా ఆగిందేమో.

మొన్నటి నుంచి ఇక్కడ పని తెమలడం లేదు. కాలేయం, మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తులు, కండ, మోకాలి కీలు వేరు చేసి తూచి, చిన్న సీసాల్లో నూరి పెడుతున్నాం. మందు పోసిన గంటకు చంపినవి కొన్ని, ఒకరోజు తర్వాత కొన్ని, వారం తర్వాత కొన్ని. చేతులు ఎంత కడిగినా వాసన పోదు. ఇంటికి వచ్చి కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు.

తేలింది చెబుతాను. రక్తంలో నాలుగో గంటకు లేనిది ఒంట్లోంచి పోలేదు. కాలేయంలో కూర్చుంది. ఒకరోజు తర్వాత చంపిన కుందేలు రక్తంలో సున్నా, కాలేయంలో మాత్రం నిండా ఉంది. వారం తర్వాత చంపినవాటిలో పోసినదాంట్లో పిసరు మాత్రమే మిగిలింది. రోజూ పోసినవాటిలో అది పోగుపడింది, పోయే వ్యవధి లేక. వాటి కాలేయాలు పసుప్పచ్చగా, ముట్టుకుంటే గట్టిగా ఉన్నాయి. ఇక మోకాలి కీళ్ళలో వెతికితే, ఉన్నదీ లేనిదీ యంత్రం తేల్చి చెప్పలేకపోయింది. అంటే మనం దేనికోసం తాగుతున్నామో అక్కడికి అది చేరడమే లేదు.

నాన్న విరామం ఎందుకో ఇప్పుడు తెలిసింది. గిన్నె కాలేయమే. తోముకోవడానికి దానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఈ మాట పెద్దసారుతో అంటే, ‘మీ నాన్నగారు ఏం చేసేవారు?’ అని అడిగాడు. ఇన్నాళ్ళకు నాతో నేరుగా మాట్లాడాడు. వేళ్ళు తవ్వేవాడు, మేకలు కాసేవాడు అన్నాను. తల ఊపాడు.

వదిన ఈ వేరు మానేస్తే మంచిది. ఒక్కసారిగా మానలేకపోతే, విరామం మాత్రం ఒక్కరోజు కూడా తగ్గించొద్దు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రలు వేసుకోమను.

చెల్లి


జూలై 17

అన్నయ్యకు,

నీ పదో తారీకు ఉత్తరం ఇప్పుడే అందింది. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, నువ్వే చదువు.

ఆ మందు ఇప్పుడే ఆపు. ఒక్క గ్లాసు కూడా ఇవ్వకు.

మార్చకు అని రాశాను. చివర్లో స్పష్టంగా రాశాను. నాలుగో గంటకు పోయింది రక్తంలోంచి మాత్రమే. ఒంట్లోంచి కాదు. రోజుకు నాలుగు గ్లాసులు, విరామం లేకుండా! నా పన్నెండో తారీకు ఉత్తరం అందిందా?

వదినను వెలుతురులో నిలబెట్టి కళ్ళు చూడు. తెల్లగుడ్డు పచ్చబడిందా? మూత్రం ముదురు రంగులో పోతోందా? ఉంటే ఆరోగ్య కేంద్రంలో ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. ఏం తాగింది, రోజుకెన్నిసార్లు, ఎన్నిరోజులు, అంతా చెప్పు. సిగ్గుపడి దాచకు. ఉంగరం వదులైంది వాపు తగ్గి కాదేమో. అన్నం ఎన్నాళ్ళుగా తినడం లేదు?

బస్సులు ఆగేచోట ఉన్న కొట్టు ఫోనుకు మూడుసార్లు చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. సెలవు అడిగాను. శనివారందాకా సీసాలు వదిలి వెళ్ళడానికి లేదన్నారు. శనివారం రాత్రి బయల్దేరతాను.

చెల్లి


జూలై 24

చెల్లెమ్మకు,

వాన తగ్గింది. వాగు దిగింది. మేకలు అవతలి గట్టున మేస్తున్నాయి. గిట్టలు ఎండాయి.

నువ్వు ఆదివారం వచ్చి సోమవారం సాయంత్రమే వెళ్ళిపోవాల్సి వచ్చింది. నువ్వున్న రెండు రోజులూ నేను పెద్దగా మాట్లాడలేదు. అందుకని రాస్తున్నాను.

నీ రెండు ఉత్తరాలూ శనివారం పొద్దున ఒక్కసారే వచ్చాయి. వాగు వల్ల వారం రోజులు తపాలా ఆగింది. కొట్టువాడు కూడా అన్ని రోజులూ తలుపు తీయలేదు. పెద్ద అక్షరాలది నేనే చదివాను. పొయ్యి మీద పదింటి గ్లాసు కాగుతోంది. దించి పారబోశాను. మీ వదినను వాకిట్లోకి పిలిచి కళ్ళు చూశాను. పచ్చగా ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి అలా ఉన్నాయో నాకు తెలియదు. నేను వేళ్ళే చూస్తూ వచ్చాను. ముఖం చూడలేదు.

నీ కుందేలు చిక్కితే ఎందుకు చిక్కిందో నీకు గుర్తుచేసినవాణ్ణి. ఇంట్లో మనిషి చిక్కితే నయమవుతోందని సంతలో చెప్పుకున్నాను.

చివర్లో రాశానన్నావు. నేను చివరిదాకా వినలేదు. సున్నా అన్న దగ్గరే గునపం తీసుకుని లేచాను. ఇది నీకు చెప్పాలని మీ వదినే అంది. కింద ఆమె రాసింది. రాసేటప్పుడు వేళ్ళు నొప్పి పుట్టి రెండుసార్లు ఆపింది.

*అమ్మాయీ, నువ్వు కింద రాసిన మాట నేను పైకే చదివాను. మీ అన్నయ్య అప్పటికే గడప దాటారు. సాయంత్రం మళ్ళీ చెప్పాను. ‘కుందేళ్ళ సంగతి కనిపెట్టినవాణ్ణి, నాకు చెప్పకు’ అన్నారు. నువ్వు ఇంట్లో ఉండగా నన్నొకటి అడిగావు, మార్చొద్దని నేను రాసింది చదివి కూడా ఎందుకు తాగావు వదినా అని. అప్పుడు జవాబు చెప్పలేదు. రోజుకు నాలుగుసార్లు మేకల్ని వదిలిపెట్టి వచ్చి, గ్లాసు చల్లార్చి పట్టుకుని ఎదురుగా నిలబడేవారు. తాగేదాకా కదిలేవారు కాదు. ముప్పై ఏళ్ళలో ఈయన నా కోసం పని ఆపి నిలబడ్డం నేను చూడలేదు. అందుకని తాగాను. నీ తప్పేమీ లేదు. ఈసారి రాస్తే నా పేరున రాయి, మా చెల్లెలి ఇంటి చిరునామాకు. మామూలు అక్షరాలతోనే రాయి, నాకు కనబడతాయి.*

నేను చదవలేదు. ఆమె చదివి వినిపించింది. ఈసారి చివరిదాకా విన్నాను.

పెద్దాసుపత్రిలో నెత్తురు తీసుకున్నారు. ఎంత కాలం పడుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. వారానికి రెండుసార్లు రమ్మన్నారు. ఆమె చెల్లెలి ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే. అక్కడే ఉంటానంది. నేనూ వస్తానన్నాను. మేకలెవరు చూస్తారంది.

ఇక్కడిదాకా మొన్న రాసి ఆపాను. కుట్టుమిషను ఇక్కడే ఉంది. కత్తెర తీసుకెళ్ళింది.

మీ వదిన నిన్న పొద్దున ఏడుంబావు బస్సుకు వెళ్ళింది.

అన్నయ్య